కంటికి కనిపించే శ్రుతి

శిష్యుడి శ్రుతి తప్పిందని చెప్పడానికి పాతకాలపు సంగీతం మేష్టార్ల దగ్గర రెండే పరికరాలుండేవి: ముడిపడే కనుబొమ్మలు, తాళం మధ్యలో ఆగిపోయే చెయ్యి. ఎంత తప్పిందో పిల్లవాడు ఊహించుకోవలసిందే. మహా అయితే “గొంతు కిందుంది, పైకి పట్టు” అనేవారు. ఇప్పుడు శ్రుతిపెట్టెకు ఆనించి పెట్టిన ఫోనులో ఒక గీత కదులుతూ ఉంటుంది. పాడే స్వరం పైకి పోతే గీతా పైకి పోతుంది, దిగితే దిగుతుంది. అడ్డంగా ఉన్న సన్నని చారలు స, రి, గ, మల స్థానాలు. గీత చార మీద కూర్చుంటే ఆకుపచ్చ, తప్పితే ఎరుపు. ఇంట్లో ఎవరికీ సంగీతం రాకపోయినా పిల్ల సాధకం ఎలా సాగుతోందో ఆ రంగు చూసి చెప్పేయవచ్చునని ఇలాంటి యాప్‌లు అమ్మేవాళ్ళ మాట.

ఈ గీత వల్ల ఉపయోగం ఉందనే నేనూ అంటాను. కాకపోతే వాళ్ళు చూడమన్నప్పుడు కాదు. పాడుతున్నంతసేపూ తెరకే కళ్ళప్పగించి కూర్చుంటే గొంతు తెరకు అలవాటు పడుతుంది గాని శ్రుతికి అలవాటు పడదు. పాడి ఆపేశాక, ఎక్కడ తప్పి ఉంటానో ముందు తనే ఒక మాట అనుకుని, అప్పుడు చూస్తే అది మంచి పాఠం. ఎందుకో తెలియాలంటే ముందు చెవికీ గొంతుకీ మధ్య జరిగేదేమిటో, ఆ ఫోను లోపల జరిగేదేమిటో చూడాలి.

అపశ్రుతిలో పాడేవాళ్ళకు ‘చెవి లేదు’ అనేయడం మనకు అలవాటు. చాలామంది విషయంలో ఇది ఉత్త నింద. మాంట్రియాల్‌లో షాన్ హచిన్స్, ఇజబెల్ పెరెట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షకు పెట్టి 2012లో ఫలితాలు ప్రచురించారు. సంగీతం నేర్చుకోని మనుషులకు ఒక స్వరం వినిపించి, అదే స్వరాన్ని రెండు విధాల అందుకోమన్నారు. ఒకసారి గొంతుతో పాడాలి. ఇంకోసారి వేలితో ఒక మీటను అటూ ఇటూ జరిపి, దాన్నుంచి వచ్చే ధ్వనిని విన్న స్వరంతో కలపాలి. మీటతో కలిపినంత బాగా వాళ్ళు గొంతుతో కలపలేకపోయారు. అంటే చెవి సరిగ్గానే విన్నది. ఆ విన్నదానికి స్వరపేటికలో కండరాలను ఎంత బిగించాలన్న లెక్కే ఒంటికి పట్టలేదు. వీణకు మెట్లున్నాయి, వయొలిన్‌కు మెట్లు లేకపోయినా వేలు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. గొంతుకు ఏ గుర్తూ లేదు. గాత్రం నేర్చుకునేవాడు ఏం చేశాడో తెలుసుకోవడానికి ఆ వచ్చిన ధ్వని తప్ప వేరే ఆధారం ఉండదు. ఆ ధ్వనిని పుట్టించే శ్రమలోనే అతని ధ్యాసంతా ఉంటుంది. తెర మీది గీత ఇక్కడే అక్కరకొస్తుంది. గొంతు చేసిన పనికి ఒక ఆనవాలు మిగులుస్తుంది.

ఇక ఫోను లోపలి సంగతి. ఆడపిల్లలు తరచు పట్టే ఐదు శ్రుతినే తీసుకుందాం. ఆ షడ్జానికి స్వరతంత్రులు సెకనుకు 196 సార్లు కంపిస్తాయి. ఫోను సెకనుకు 44,100 సార్లు గాలి ఒత్తిడిని కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఒక్కో కంపనానికి 225 అంకెలు వస్తాయన్నమాట. ఈ అంకెల వరసలో ఒకే ఆకృతి మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. ఎంత దూరానికొకసారి వస్తోందో పట్టుకుంటే శ్రుతి దొరికినట్టే. పట్టుకునే ఉపాయం చాలా సులువైనది. పల్చటి చీర అంచు మీద మామిడిపిందెలు బారుగా ఉంటాయి. అదే అంచు ముక్కలు రెండు తీసుకుని, ఒకదాని మీద ఒకటి పరిచి, పైదాన్ని మెల్లగా పక్కకు జరపండి. పిందె మీద పిందె సరిగ్గా కూర్చున్న చోట ఆపి, ఎంత జరిపారో కొలవండి. పిందెకూ పిందెకూ మధ్య దూరం అదే. అంకెల వరసను దాని నకలు మీదే ఇలా జరిపి పోల్చే గణితానికి ఆటోకారిలేషన్ అని పేరు. భూమిలోకి ధ్వని తరంగాలు పంపి చమురు జాడ వెదికే పనిలో ఇలాంటి గణితంతో చేయి తిరిగిన ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజనీరు, దాన్ని పాటకు తిప్పి 1997లో ఆటోట్యూన్ తయారుచేశాడు. అది తప్పిన శ్రుతిని చూపించి ఊరుకోదు, తానే దిద్దేస్తుంది. నేర్చుకునేవాళ్ళకు దానితో పనిలేదు.

ఈ పద్ధతికి సొంత చిక్కులున్నాయి. 225 అంకెల దూరం అంటే 196 కంపనాలు; 226 అంటే సుమారు 195.1. ఈ రెంటి తేడా ఒక అర్ధస్వరంలో వందకు దాదాపు ఎనిమిది పాళ్ళు. శ్రుతి విషయంలో ఇంత మోటు కొలత పనికిరాదు కాబట్టి, రెండు అంకెల మధ్య అసలు కలయిక ఎక్కడో ఒక వంపు గీసి అంచనా కడతారు. రెండో చిక్కు పిందెల దగ్గరే ఉంది. అంచును ఒక పిందె దూరం బదులు రెండు పిందెల దూరం జరిపినా బొమ్మలు కలుస్తాయి. అప్పుడు లెక్కకు సగం కంపనాలే తేలి, గీత ఉన్నట్టుండి ఒక స్థాయి కిందికి దూకుతుంది. మధ్యస్థాయిలో హాయిగా పాడుతుండగా తెర మంద్రానికి పడి మళ్ళీ లేచిందంటే గొంతును అనుమానించనక్కరలేదు. అలాంటి పొరపాట్లు తగ్గించడానికి అలైన్ ద షెవెనే, హిదెకి కవహరా 2002లో ‘యిన్’ అనే పద్ధతిని ప్రచురించారు. దానికి మరికొన్ని మెరుగులు దిద్ది లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో మతియాస్ మౌచ్, సైమన్ డిక్సన్ 2014లో ‘పి-యిన్’ తెచ్చారు.

సరళీ వరుసలు పాడే మన పిల్లలకు ఇంకో వింత ఎదురవుతుంది. గీత కొన్ని చోట్ల తెగిపోతుంది. ‘స’ అన్నప్పుడు పళ్ళ సందున ఊపిరి రాసుకుపోతుందే గాని స్వరతంత్రులు కంపించవు. ‘ప’ అనేముందు పెదవులు మూసుకుంటాయి, కాసేపు నిశ్శబ్దం. కంపనమే లేనిచోట శ్రుతి ఎక్కడిది? రి, మ, నిలు వచ్చినప్పుడు గీత తెగకుండా సాగిపోతుంది. గ, దల దగ్గర తెగదు గాని అక్షరం పలికే క్షణంలో చిన్న గుంట పడుతుంది. ఏడు స్వరాల్లో అచలమని పేరున్నవి షడ్జ పంచమాలే. తెర మీద ముక్కలయ్యేవీ ఆ రెండే. తప్పు పాడామేమోనని పిల్లలు బెదరకుండా, శ్రుతిని చూడదలచుకున్న రోజున స్వరాక్షరాలు వదిలి అకారంలో పాడించడం మంచిది.

కంటితో గొంతును దిద్దాలన్న ఆశ ఫోన్లతో పుట్టింది కాదు. అయోవా విశ్వవిద్యాలయంలో కార్ల్ సీషోర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 20వ శతాబ్దం మొదట్లోనే టోనోస్కోప్ అనే యంత్రం కట్టాడు. సెకనుకొకసారి తిరిగే పెద్ద డ్రమ్ము. దాని మీద 110 వరసల చుక్కలు. మొదటి వరసలో 110 చుక్కలు, రెండోదాంట్లో 111, అలా చివరి వరసలో 219. పాడేవాడి గొంతుకు అనుగుణంగా మిణుకుమనే దీపం ఆ డ్రమ్ము మీద పడుతుంది. 196 కంపనాల స్వరం పాడితే 196 చుక్కల వరస ఒక్కటే నిలబడిపోయినట్టు కనిపిస్తుంది, తక్కినవన్నీ పరుగెడుతూనే ఉంటాయి. గొంతు రవ్వంత హెచ్చినా ఆ వరస ఒక పక్కకు పాకుతుంది. లెక్కలూ గణితమూ లేకుండా, చుక్కల వరస చూసి శ్రుతి చదువుకోవచ్చు. ఇంత తెలివైన యంత్రం ఇవాళ ఎవరికీ గుర్తులేకపోవడం విచారకరం. 1980లలో ఇంగ్లండులో గ్రాహం వెల్చ్, డేవిడ్ హోవర్డ్ బడిపిల్లల కోసం బీబీసీ మైక్రో కంప్యూటరు మీద ‘సింగ్యాడ్’ అనే ప్రోగ్రాం నడిపారు. చిన్నపిల్లలు తమ గొంతు గీసిన గీతను చూసుకుంటూ స్వరాలు అందుకోవడంలో మెరుగుపడ్డారని 1989లో రాశారు.

ఇప్పుడు ఆకుపచ్చా ఎరుపూ దగ్గరికి వద్దాం. చాలా యాప్‌లలో ఆ అడ్డచారలు పియానో మెట్ల ప్రకారం గీసినవి. స్థాయిని 12 సమాన భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్ళీ 100 సెంట్లు చేస్తారు. సెంటు అన్న కొలతను 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ ప్రచారంలోకి తెచ్చాడు. ఈ లెక్కన మాయామాళవగౌళలోని అంతర గాంధారం షడ్జానికి 400 సెంట్ల ఎత్తున ఉండాలి. తంబురా మాత్రం ఇంకో మాట చెబుతుంది. ఐదు శ్రుతికి మంద్ర షడ్జ తంత్రి 98 కంపనాలు. ఏ తంత్రి అయినా తన అసలు స్వరంతోపాటు దానికి రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్ల కంపనాలు కూడా పలుకుతుంది. 98కి ఐదు రెట్లు 490. 245 కంపనాల గాంధారానికి సరిగ్గా పై స్థాయి. బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ పాడకుండానే గాంధారం వినిపించడం, దాన్ని స్వయంభూ గాంధారం అనడం ఇందుకే. తంబురా గుర్రం వంపు మీద నూలుపోగు దూర్చి మీటినప్పుడు ఈ పై కంపనాలు అంత గట్టిగా ఎందుకు పలుకుతాయన్నది సి.వి. రామన్‌ను ఆకర్షించిన ప్రశ్న. దాని మీద ఆయన 1921లో ఒక వ్యాసం రాశారు. తంబురా చెప్పే ఈ గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది. యాప్ చార కంటే 14 సెంట్లు కింద.

14 సెంట్లు ఏపాటి అనిపిస్తుంది. కాని మధ్యస్థాయి షడ్జ తంత్రి 196కి ఐదు రెట్లు 980. మనం 245 దగ్గర గాంధారం పాడితే, దానికి నాలుగు రెట్లు కూడా 980. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. యాప్ చార మీద పాడితే సుమారు 247. దానికి నాలుగు రెట్లు దాదాపు 988. 980కీ 988కీ పడక, సెకనుకు ఎనిమిది విస్పందనాలు పుడతాయి. గాంధారం చుట్టూ ఒక గరగర వినిపిస్తుంది. చెవికి చల్లగా కలిసిన స్వరాన్ని తెర ఎర్రగా చూపించడం, గరగరలాడే స్వరానికి ఆకుపచ్చ తిలకం దిద్దడం ఇలా జరుగుతుంది. “గాంధారం దించుతున్నావమ్మా” అని తల్లి, “లేదు, తంబురాతో కలిసింది” అని కూతురు వాదులాడుకుంటే, కూతురి మాటే నిజం కావచ్చు. కొన్ని ప్రోగ్రాముల్లో చారలను మనకు కావలసిన చోటికి జరుపుకోవచ్చు. అది కుదరనప్పుడు కనీసం షడ్జం ఎక్కడుందో సరిగ్గా చెప్పాలి. చాలా ఎరుపుకు కారణం గొంతు కాదు, షడ్జాన్ని మార్చకుండా వదిలేసిన సెట్టింగు. ఇంకొకటి: శ్రుతిపెట్టె స్పీకరు మైకు పక్కనే ఉంటే, పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే వేళ గీత శ్రుతిపెట్టె షడ్జాన్ని పట్టుకుని కూర్చుంటుంది. శ్రుతిని ఒక చెవికి ఇయర్‌ఫోనులో పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

ఎప్పుడు చూడాలన్న ప్రశ్నకు వస్తాను. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ‘సింగ్ అండ్ సీ’ అనే ప్రోగ్రాంతో ప్యాట్ విల్సన్ బృందం పెద్దవాళ్ళ మీద ఒక పరిశీలన చేసింది. తెర చూస్తూ సాధన చేసినవాళ్ళు, సాధన అయ్యాక తెర లేకుండా పాడినప్పుడు మునుపటికంటే మెరుగ్గా పాడారు. అదే వాళ్ళు తెర చూస్తున్నంతసేపు మాత్రం మునుపటికంటే తక్కువగా పాడారు. గీతను చదవడమూ గొంతును నడపడమూ ఒకేసారి చేయబోతే రెండోది కొంత నష్టపోతుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఇందులో వింతేమీ లేదు. పాడేవాడి గొంతును ఇయర్‌ఫోన్లలో అతనికి తెలియకుండా కొద్దిగా పైకి జరిపి వినిపిస్తే, గొంతు సెకనులో పదోవంతు పైచిలుకులోనే తనంతట తాను కిందికి సర్దుకుంటుందని అమెరికాలో చార్లెస్ లార్సన్ బృందం చూపింది. చెవికీ గొంతుకూ ఉన్న ఈ దారి ఆలోచన ప్రమేయం లేనిది. కంటిది చుట్టుదారి. గీత తయారుకావడానికి కొంత, దాన్ని చూసి అర్థం చేసుకోవడానికి కొంత, పైకా కిందికా అని తేల్చుకోవడానికి ఇంకొంత కాలం పడుతుంది. ఈలోగా స్వరం దాటిపోతుంది.

ఒంటితో నేర్చుకునే విద్యలన్నిటికీ వర్తించే మాట ఒకటి 1984లో సాల్మోని, ష్మిట్, వాల్టర్ చెప్పారు. చేస్తుండగానే క్షణక్షణం దారి చూపిస్తే ఆ కాసేపూ పని చక్కగా సాగుతుంది. దారి చూపడం ఆపితే నేర్చుకున్నది నిలవదు. నేర్చుకునేవాడు తన లోపలి గురుతులను వెదుక్కోవడం మానేసి బయటి ఊతకు అలవాటు పడతాడని వాళ్ళ వాదం. శ్రుతి గీతకు ఇది అచ్చంగా సరిపోతుంది. కచేరీలో ఫోను ఉండదు, తంబురా ఉంటుంది.

కాబట్టి నేను సూచించే పద్ధతి ఇది. ఫోనును బోర్లా పెట్టి రికార్డు చేయనివ్వాలి. ఒక జంట వరుసో, ఒక అలంకారమో తంబురాతో పాడాలి. పాడినవాళ్ళు ముందు నోటితో చెప్పాలి: “ధైవతం దిగింది, పై షడ్జం సరిపోయింది” అని. అప్పుడు ఫోను తిప్పి చూడాలి. చెప్పిందీ కనిపించిందీ ఒకటైతే చెవి బాగానే పనిచేస్తోంది, గొంతుకు సాధకం కావాలి. కనిపించిన తప్పు చెవికి అసలు తెలియకపోతే పని చెవితో మొదలుపెట్టాలి. పైనుంచి చూస్తే ఒకేలా ఉండే ఈ రెండు లోపాలను విడదీయడం మేష్టారికి కూడా అంత తేలిక కాదు. పాడుతూ తెర చూడడం బొత్తిగా పనికిరాదనను. ఏ స్వరమూ అందని కొత్తలో, గొంతు పైకి పోవడమంటే ఏమిటో పట్టుబడడానికి, షడ్జం పట్టి గీతను చూసే కొద్ది రోజులు అవసరమే. సింగ్యాడ్ పిల్లలది ఆ దశ. దాన్ని దాటినవాళ్ళ గురించే నా మాట.

ఇలా చూసినప్పుడు చెవి సాధారణంగా వదిలేసే రెండు విషయాలు కంటపడతాయి. ఒకటి స్వరం మొదలు. చాలామంది స్వరాన్ని సూటిగా పట్టరు. ఓ అర్ధస్వరం కింద మొదలుపెట్టి పైకి పాకి అందుకుంటారు. వినేటప్పుడు చివరికి చేరిన చోటే గుర్తుంటుంది, పాకిన దారి గుర్తుండదు. తెర మీద ప్రతి స్వరానికీ ముందు ఒక కొక్కెం కనిపిస్తుంది. మాయామాళవగౌళలో రిషభం నుంచి గాంధారానికి ఎగబాకడం పెద్ద అంగ. అక్కడ ఈ కొక్కెం మరీ లోతుగా ఉంటుంది. రెండోది స్వరం చివర. ఊపిరి అయిపోతున్నప్పుడు గీత తోక కిందికి వేలాడుతుంది. ఈ రెంటికీ మందు శ్రుతి సాధన కాదు. మొదటిదానికి స్వరాన్ని మనసులో ముందు వినడం, రెండోదానికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దిద్దుకోవడం. ఆ సంగతి గీత చెప్పదు, మేష్టారే చెప్పాలి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి హైదరాబాదు, విజయవాడ మేష్టార్ల దగ్గర వీడియోలో నేర్చుకునే తెలుగు పిల్లలకు దీనివల్ల ఇంకో మేలుంది. మాట చేరడంలో ఆలస్యం వల్ల గురువూ శిష్యుడూ కలిసి పాడడం కుదరదు. పైగా వీడియో కాల్ ప్రోగ్రాములు ఆగకుండా మోగే తంబురాను ఫ్యాను చప్పుడు అనుకుని అణిచేస్తాయి; ఆ సెట్టింగు తీసేయాలని చాలామందికి తెలియదు. పిల్ల తన ఇంట్లో తంబురాతో పాడి, ఆ రికార్డునూ గీతనూ పంపితే, కాల్‌లో వినపడనిది మేష్టారు తీరికగా చూడగలరు.

ఇంతవరకూ చెప్పిందంతా నిలిపి పాడే స్వరాల గురించి. గీతాలు దాటి వర్ణంలోకి వచ్చేసరికి మన సంగీతంలో స్వరం నిలబడదు. ఐరోపా సంగీతం కోసం కట్టిన యాప్‌లు ఇక్కడ చేతులెత్తేస్తాయి. తోడి గాంధారాన్నే తీసుకోండి. పుస్తకంలో అది సాధారణ గాంధారం, చార లెక్కన 300 సెంట్లు. పాడినప్పుడు అది రిషభం వైపు దిగి, మధ్యమం వైపు లేచి, ఊగుతూనే ఉంటుంది. చార మీద తాపీగా కూర్చున్న తోడి గాంధారం తోడి కానే కాదు. స్వరమంటే ఒక బిందువు కాదు, గమకంతో కలిసిన కదలిక మొత్తం అని టి.ఎం. కృష్ణ, విఘ్నేశ్ ఈశ్వర్ 2012లో ఒక పరిశోధన పత్రంలో వాదించారు. బార్సెలోనాలో జేవియర్ సెర్రా నడిపిన కాంప్‌మ్యూజిక్ అనే పరిశోధన కోసం రాసింది అది. కర్ణాటక సంగీతాన్ని కంప్యూటరుకు దాని సొంత నియమాలతోనే అర్థం చేయించాలన్నది ఆ పరిశోధన ఉద్దేశం. ముంబయి ఎన్‌సీపీఏలో సువర్ణలతా రావు, విం వాన్ డర్ మేర్ హిందుస్తానీ గాయకుల పాటకు ఇలాంటి గీతలు గీయించారు. వాడింది ప్రాట్ అనే ప్రోగ్రాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో భాషాశాస్త్రం కోసం, మాట్లాడే గొంతును పరిశీలించడానికి పాల్ బోర్స్‌మా, డేవిడ్ వీనింక్ రాసింది.

అసలు ఈ కదలికను కాగితం మీద చూపాలన్న తపన మనవాళ్ళకు అంతకు ముందే ఉంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో కంపితానికి ఒక గుర్తు, స్ఫురితానికి ఒకటి, జారుకు ఒకటి, ఇలా గమకాలకు వేర్వేరు గుర్తులు కల్పించి స్వరాలతోపాటు అచ్చువేశారు. అయోవాలో సీషోర్ చుక్కలు లెక్కపెడుతున్న రోజుల్లోనే, తమిళదేశంలో ఒక తెలుగు పుస్తకం స్వరం ఎలా ఊగాలో గుర్తులతో చూపించింది. ఆ గుర్తు ఏ గమకమో చెబుతుంది. ఎంత వేగంగా, ఎంత ఎత్తుకు అన్నది గురుముఖతః తెలుసుకోవలసిందే. ఆ మిగిలిన భాగాన్ని ఇప్పుడు గీత కొంత పూరిస్తుంది.

తోడి నేర్చుకునేవాళ్ళు తమ గురువుగారు ఒక్క పల్లవి వాక్యాన్ని పక్కవాద్యాలు లేకుండా పాడింది రికార్డు చేసుకుని, తమది దాని కింద పెట్టి చూడాలి. గాంధారం ఎంత ఎత్తున ఉందని కాదు. ఊపు ఏ స్వరం దగ్గర మొదలైంది, కిందికి ఎంతవరకు దిగింది, పైన ఎంతసేపు ఆగింది అన్నవి చూడాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళ ఊపు ఒకే కొలతలో అటూ ఇటూ కొట్టుకుంటుంది. గురువుగారి గీతలో ఏ రెండు ఊపులూ ఒక్కలా ఉండవు. ఈ పాఠానికి రంగులు పూసే యాప్ పనికిరాదు. ప్రాట్, క్వీన్ మేరీవాళ్ళ టోనీ, సోనిక్ విజువలైజర్ ఉచితంగా దొరుకుతాయి. అవి గీత గీసి ఊరుకుంటాయి, మార్కులు వేయవు.